చిన్న సేద్యపు యంత్రాల్లో పెట్రోలు నిల్వ – నాణ్యత, కాలపరిమితి, భద్రత

వ్యవసాయ కూలీల కొరత పెరిగిన నేపథ్యంలో తెలుగు రాష్ట్రాల్లో చిన్న పెట్రోలు ఇంజన్లతో నడిచే పనిముట్ల వాడకం విస్తరించింది. పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లు, రైతులు తైవాన్ స్ప్రేయర్లుగా వ్యవహరించే పవర్ స్ప్రేయర్లు, చిన్న నీటి పంపులు, చెయిన్ రంపాలు ఈ కోవకు చెందుతాయి. ఇవి ఏడాదిలో కొన్ని వారాలు విరామం లేకుండా పనిచేసి, మిగిలిన నెలలు కొట్టంలో ఒక మూల ఉండిపోతాయి. వాటి ట్యాంకుల్లో, పక్కనున్న డబ్బాల్లో మిగిలిన పెట్రోలు మాత్రం ఆ నెలల్లో యథాతథంగా ఉండదు.

దీని ఫలితం తొలకరిలో బయటపడుతుంది. మొక్కజొన్నలో విత్తిన తొలి 30–40 రోజులు, పత్తిలో తొలి 60 రోజులు కలుపు పోటీకి కీలకమైన దశ. వర్షాల మధ్య దొరికే రెండు మూడు రోజుల తెరపిలోనే అంతరకృషి పూర్తికావాలి. సరిగ్గా ఆ సమయంలో యంత్రం స్టార్ట్ కాకపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. ఆ వారంలో పెరిగిన కలుపు దిగుబడిని తగ్గిస్తుంది. ఇటువంటి సందర్భాల్లో యంత్రం నాణ్యతను శంకించడం సహజం. కానీ, చాలాసార్లు లోపం గత సీజన్‌లో మిగిలిపోయిన పెట్రోలుదే. విత్తనానికి, జీవన ఎరువులకు కాలపరిమితి ఉన్నట్లే పెట్రోలుకూ కాలపరిమితి ఉంటుందన్న విషయం యంత్రాల శిక్షణలో తగినంత ప్రాధాన్యం పొందవలసి ఉంది.

నిల్వలో పెట్రోలు పొందే మార్పులు

పెట్రోలు ఒకే రసాయనం కాదు. దాదాపు 35 నుంచి 210 డిగ్రీల సెల్సియస్ మధ్య మరిగే అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. నిల్వలో దీనికి మూడు రకాల మార్పులు సంభవిస్తాయి.

మొదటిది తేలిక భాగాల నష్టం. బ్యూటేన్, పెంటేన్ వంటి త్వరగా ఆవిరయ్యే భాగాలే చల్లటి ఇంజన్ మొదటి లాగుడుకు అందుకోవడానికి తోడ్పడతాయి. మూత వదులుగా ఉన్న డబ్బా నుంచి, గాలి రంధ్రం ఉన్న ట్యాంకు మూత నుంచి ముందుగా వెళ్ళిపోయేవి ఇవే. మిగిలిన ద్రవం చూడటానికి పెట్రోలులాగే ఉన్నా దాని సాంద్రత పెరుగుతుంది, ఆవిరయ్యే గుణం తగ్గుతుంది. తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజన్ అందుకోకపోవడానికి ఇది ఒక కారణం.

రెండవది ఆక్సీకరణం. పెట్రోలులో ఒలిఫిన్లు అనే అసంతృప్త హైడ్రోకార్బన్లు కొంత మేరకు ఉంటాయి. ఇవి గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి మొదట పెరాక్సైడ్లుగా, తర్వాత పెద్ద అణువులుగా మారి చివరకు జిగురుగా తయారవుతాయి. శుద్ధి కర్మాగారాల్లో దీన్ని నిరోధించే రసాయనాలను కలుపుతారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2796 ప్రకారం, 100 డిగ్రీల వేడిలో, పీడనంతో కూడిన ఆక్సిజన్‌లో కనీసం 360 నిమిషాలు ఆక్సీకరణను తట్టుకోగలిగితేనే పెట్రోలు స్థిరత్వం కలిగినదిగా పరిగణిస్తారు. అయితే నిరోధకాలు క్రమంగా ఖర్చవుతాయి. అవి తరిగిన తర్వాత జిగురు వేగంగా ఏర్పడుతుంది. సాధారణంగా ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. రాగి, ఇత్తడి లోహాల స్పర్శ కూడా దాన్ని వేగిరం చేస్తుంది.

చిన్న ఇంజన్ కార్బ్యురేటర్‌లో ఇంధనం ప్రవహించే జెట్ రంధ్రం వ్యాసం మిల్లీమీటరు కంటే తక్కువ. కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు ఆవిరైనప్పుడు అందులోని జిగురంతా అక్కడే పేరుకొని వార్నిష్ పూతలా గట్టిపడుతుంది. పెద్ద డబ్బాలోని పెట్రోలు ఇంకా బాగానే ఉన్నా కార్బ్యురేటర్ మూసుకుపోవడానికి కారణం ఇదే. చెడిపోవడం ఎప్పుడూ అతి తక్కువ ఇంధనం, అతి ఎక్కువ గాలి ఉన్నచోట మొదలవుతుంది.

మూడవది నీరు చేరడం. పగలు వేడికి ట్యాంకులోని గాలి వ్యాకోచించి బయటకు పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు బయటి తేమగాలి లోపలికి వస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో ఈ రాకపోకలు ఎక్కువ. తడిసిన గరాటు, వానలో మూత తీసి పోయడం, సరిగా ఆరని డబ్బా అంతకంటే ఎక్కువ నీటిని చేరుస్తాయి.

ఇథనాల్ మిశ్రమంతో వచ్చిన మార్పు

గతంలో పెట్రోలులో చేరిన నీరు అడుగున విడిగా నిలిచేది. ఇథనాల్ కలిసిన పెట్రోలులో పరిస్థితి భిన్నం. 2018 జాతీయ జీవ ఇంధన విధానం తర్వాత మిశ్రమ శాతం వేగంగా పెరిగింది. 2022 జూన్ నాటికి దేశంలో సగటున 10 శాతం మిశ్రమ లక్ష్యం నెరవేరింది. 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో మొదలైన 20 శాతం మిశ్రమం 2025 నాటికి దేశవ్యాప్తంగా సాధారణ పెట్రోలుగా మారింది. దీనికి ఐఎస్ 17021 ప్రమాణం వర్తిస్తుంది.

ఇథనాల్ నీటితో ఏ నిష్పత్తిలోనైనా కలుస్తుంది. అందువల్ల మిశ్రమ పెట్రోలు కొంత నీటిని తనలో కరిగించుకుంటుంది. 10 శాతం మిశ్రమం 15 డిగ్రీల వద్ద సుమారు 0.5 శాతం నీటిని, అంటే 20 లీటర్లకు దాదాపు 100 మి.లీ. నీటిని ఇముడ్చుకోగలదు. ఆ హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున ఒక పొరగా చేరతాయి. 20 శాతం మిశ్రమం ఇంతకంటే ఎక్కువ నీటిని ఇముడ్చుకుంటుంది. కానీ విడిపోయినప్పుడు అడుగున చేరే పొర కూడా పెద్దదిగా ఉంటుంది. ఉష్ణోగ్రత తగ్గినప్పుడు నీటిని ఇముడ్చుకునే శక్తి తగ్గుతుంది కనుక పగలు స్వచ్ఛంగా కనిపించిన పెట్రోలు చలికాలపు తెల్లవారుజామున రెండు పొరలుగా విడిపోవచ్చు.

ట్యాంకు నుంచి ఇంధనాన్ని తీసుకునే గొట్టం అడుగునే ఉంటుంది. అందువల్ల ఇంజన్‌కు ముందుగా చేరేది నీరు, ఇథనాల్‌తో కూడిన పొరే. రెండు స్ట్రోకుల ఇంజన్లలో ఇది మరింత ప్రమాదకరం. వాటికి ప్రత్యేక ఆయిల్ గది ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌కు, బేరింగులకు కందెన. పొరలు విడిపోయినప్పుడు ఆయిల్ పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది. కందెన లేని అడుగు పొరతో ఇంజన్ కొద్ది నిమిషాలు తిరిగినా పిస్టన్, సిలిండర్ గీసుకుపోయి పట్టేయవచ్చు. విడిపోయిన పెట్రోలును గట్టిగా కదిపినంత మాత్రాన అది తిరిగి స్థిరంగా కలవదు. ఇథనాల్ కోల్పోయిన పై పొరకు ఆక్టేన్ విలువ తగ్గుతుంది కనుక దాన్ని వేరుచేసి వాడటమూ సరికాదు.

ఇథనాల్ కొన్ని రకాల రబ్బరు, ప్లాస్టిక్ భాగాలను ఉబ్బింపజేస్తుంది. తేమతో కలిసినప్పుడు అల్యూమినియం, జింకు, ఇత్తడి భాగాలను తినివేస్తుంది. చిన్న ఇంజన్ల సూచన పుస్తకాల్లో అనేకం 10 శాతం వరకే ఇథనాల్‌ను అనుమతిస్తాయి. బంకుల్లో లభించేది 20 శాతం మిశ్రమం కావడంతో, పాత యంత్రం ఉన్న రైతు ఆ పెట్రోలును వాడక తప్పదు. వాడే రోజుల్లో కలిగే ప్రభావం కంటే, వాడని నెలల్లో అదే పెట్రోలు లోపల నిలిచి ఉండటం వల్ల కలిగే నష్టం నివారించదగినది. కొత్త యంత్రం కొనేటప్పుడు అది 20 శాతం మిశ్రమానికి అనువైనదో కాదో సూచన పుస్తకంలో పరిశీలించాలి.

ఎంతకాలం పనికివస్తుంది?

ఈ ప్రశ్నకు ఒకే సంఖ్య సమాధానం కాదు. పాత్ర, ఉష్ణోగ్రత, గాలి స్పర్శను బట్టి కాలపరిమితి మారుతుంది. బిగుతైన మూతతో, నీడలో, ఎన్నడూ తెరవకుండా ఉంచిన పెట్రోలు ఏడాది వరకు నిలుస్తుందని చమురు పరిశ్రమ అంచనా. ఒకసారి తెరిచిన డబ్బాలో 20 డిగ్రీల వద్ద ఆరు నెలలు, 30 డిగ్రీల వద్ద మూడు నెలలు ఉపయోగకరంగా ఉంటుంది. యంత్రపు ట్యాంకులో ఉన్న పెట్రోలుకు, ఆయిల్ కలిపిన పెట్రోలుకు ఒక నెల, అంటే 30 రోజులను అనేక తయారీదారులు పరిమితిగా సూచిస్తారు.

ఈ అంచనాలను తెలుగు ప్రాంతపు వాతావరణానికి అన్వయించుకోవాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం అరుదు కాదు. రేకుల కప్పు కింద వేడి ఇంకా ఎక్కువ. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, తీర మండలాల్లో వేడికి గాలిలోని తేమ తోడవుతుంది. కనుక మన పరిస్థితుల్లో నీడలో బిగించిన డబ్బాకు రెండు నుంచి మూడు నెలలు, ట్యాంకులోని పెట్రోలుకు, ఆయిల్ మిశ్రమానికి 30 రోజులు అనే నియమం పాటించడం క్షేమం. రబీ చివర, ఫిబ్రవరిలో మిగిలిన పెట్రోలును జూన్‌లో తొలకరికి వాడవచ్చని భావించరాదు.

నిల్వ కాలాన్ని పెంచే స్థిరీకరణ ద్రవాలు మార్కెట్లో ఉన్నాయి. ఇవి తాజా పెట్రోలులో, కొన్న రోజునే కలిపినప్పుడు ఆక్సీకరణను ఆలస్యం చేస్తాయి. అప్పటికే చెడిన పెట్రోలును బాగుచేయవు; విడిపోయిన పొరలను కలపవు. ఏడాదికి కొన్ని లీటర్లు మాత్రమే వాడే చిన్న రైతుకు వీటి ఖర్చు కంటే అవసరం మేరకే పెట్రోలు కొనడం మేలు. గంటకు ఒక లీటరు వాడే యంత్రం రోజుకు ఆరు గంటల చొప్పున మూడు రోజులు పనిచేస్తే 18 లీటర్లు చాలు. రెండు స్ట్రోకుల ఇంజన్‌కు సూచన పుస్తకంలోని నిష్పత్తి 50:1 అయితే 5 లీటర్లకు 100 మి.లీ., 25:1 అయితే 200 మి.లీ. ఆయిల్ అవసరం. ఈ మిశ్రమాన్ని ఒకటి రెండు రోజుల పనికి సరిపడా మాత్రమే తయారుచేసుకోవాలి.

పాత్ర, పరిమాణం – చట్టం చెప్పేది

డీజిల్‌తో ఉన్న అలవాటును పెట్రోలుకు వర్తింపజేయడం గ్రామాల్లో కనిపించే ప్రమాదకరమైన పొరపాటు. 1934 పెట్రోలియం చట్టం జ్వలన స్థానాన్ని బట్టి ఇంధనాలను వర్గీకరిస్తుంది. జ్వలన స్థానం 23 డిగ్రీల కంటే తక్కువ ఉన్న పెట్రోలు ‘ఎ’ తరగతికి, డీజిల్ ‘బి’ తరగతికి చెందుతాయి. ఏ ఒక్క పాత్ర సామర్థ్యమూ 1000 లీటర్లు మించకుండా మొత్తం 2500 లీటర్ల వరకు ‘బి’ తరగతి ఇంధనాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. అమ్మకానికి కాని పెట్రోలు విషయంలో ఆ పరిమితి కేవలం 30 లీటర్లు.

ఆ 30 లీటర్లను కూడా గట్టిగా మూసిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రల్లోనే ఉంచాలి. గాజు, పింగాణీ పాత్రల సామర్థ్యం ఒక లీటరు, లోహపు పాత్రల సామర్థ్యం 25 లీటర్లు మించరాదు. నీళ్ళ సీసాలకు, వంటనూనె డబ్బాలకు, ఖాళీ పురుగుమందు డబ్బాలకు ఈ జాబితాలో చోటు లేదు. ఆచరణలో 10 లేదా 20 లీటర్ల లోహపు జెర్రీ క్యాన్, రబ్బరు వాషరు ఉన్న మరమూతతో, అనుకూలం. లోపల తుప్పు ఉన్న డబ్బా, జింకు పూత పూసిన రేకు డబ్బా ఇథనాల్ మిశ్రమానికి తగవు.

ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే 20 లీటర్ల పెట్రోలు దాదాపు 400 మి.లీ. వ్యాకోచిస్తుంది. అందువల్ల డబ్బాను అంచు వరకు నింపరాదు. 90–95 శాతం నింపి కొంత ఖాళీ ఉంచాలి. అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటే గాలి, తేమ పెరుగుతాయి. మిగిలిన పెట్రోలును పెద్ద డబ్బాలో అడుగున ఉంచడం కంటే చిన్న డబ్బాలోకి మార్చడం మంచిది. ప్రతి డబ్బాపై ‘పెట్రోలు’ అని, కొన్న తేదీ, ఆయిల్ కలిపితే నిష్పత్తి చెరగని రంగుతో రాయాలి.

స్థలం ఎంపిక, అగ్ని ప్రమాద నివారణ

పెట్రోలు ద్రవం కంటే దాని ఆవిరి ప్రమాదకరం. గాలిలో ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే దాదాపు 13 ఘనపు మీటర్ల గాలిని, అంటే ఒక చిన్న పనిముట్ల గదిలోని గాలినంతటినీ, మండే మిశ్రమంగా మార్చగలదు. ఈ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. నేల వెంట పాకి దూరంలో ఉన్న పొయ్యిని, దీపాన్ని, స్టార్టర్ పెట్టెను చేరుతుంది. కనుక నివాస గృహంలో, వంటింటికి ఆనుకొని ఉన్న కొట్టంలో, మోటారు గదిలో పెట్రోలు ఉంచరాదు. నేలమట్టానికి దగ్గరగానూ, పైభాగంలోనూ గాలి ఆడే రంధ్రాలున్న, నీడగల, తాళం వేయదగిన ప్రత్యేక గది లేదా లోహపు పెట్టె తగినది.

పొలం కొట్టాల్లో పెట్రోలు పక్కన ఏమున్నదీ చూడటం ముఖ్యం. కాల్షియం అమ్మోనియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ వంటి నైట్రేట్ ఎరువులు, చెరువుల్లో వాడే బ్లీచింగ్ పౌడర్, పొటాషియం పర్మాంగనేట్ మంటకు ఆక్సిజన్ అందించే పదార్థాలు. వీటితో కలిపి ఒకే గదిలో పెట్రోలు నిల్వ చేయరాదు.

బంకు వద్ద డబ్బాను వాహనంపై ఉంచి నింపితే స్థిర విద్యుత్తు వల్ల నిప్పురవ్వ పుట్టే అవకాశం ఉంది. డబ్బాను నేలపై ఉంచి, గొట్టం మొనను దాని అంచుకు తాకిస్తూ నింపాలి. పొలంలో ఇంజన్ ఆపి, చల్లబడిన తర్వాతే ఇంధనం పోయాలి. పోసిన చోటు నుంచి కనీసం మూడు మీటర్ల దూరం జరిగిన తర్వాత స్టార్ట్ చేయాలి. పెట్రోలు మంటపై నీరు చల్లితే మంట వ్యాపిస్తుంది. ఇసుక బకెట్లు, పొడి రసాయనం లేదా నురుగు అగ్నిమాపక సాధనం అందుబాటులో ఉండాలి. గొట్టంతో నోటితో పీల్చి పెట్రోలు తీయడం మానాలి. పొరపాటున మింగినవారికి వాంతి చేయించరాదు. వాంతి సమయంలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణాపాయం కలుగుతుంది. వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

సీజన్ చివర చేయవలసిన పని

చిన్న యంత్రాల ఆయుష్షును నిర్ణయించే పని సీజన్ మొదట్లో కాక చివర జరుగుతుంది. యంత్రం 30 రోజులకు మించి పని లేకుండా ఉంటుందని తెలిసినప్పుడు ఈ క్రమం పాటించాలి.

1. బహిరంగ ప్రదేశంలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ట్యాంకులోని పెట్రోలును లోహపు డబ్బాలోకి తీయాలి.
2. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఇంధన వాల్వు మూసి, ఇంజన్ దానంతట అది ఆగేవరకు నడపాలి. తర్వాత కార్బ్యురేటర్ గిన్నె అడుగు మరను వదులుచేసి మిగిలిన చుక్కలను తీసివేయాలి.
3. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో ట్యాంకు ఖాళీచేసిన తర్వాత ఇంజన్ ఆగిపోయేవరకు నడిపి, కార్బ్యురేటర్‌లో మిగిలినదాన్ని ఖర్చుచేయాలి.
4. స్పార్క్ ప్లగ్ తీసి, సిలిండర్‌లో కొద్ది చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, తాడును రెండు మూడుసార్లు నెమ్మదిగా లాగి, ప్లగ్ తిరిగి బిగించాలి.
5. తీసిన పెట్రోలు నెలలోపు కొన్నదై, స్వచ్ఛంగా ఉంటే, మరో యంత్రంలో గానీ, ఆయిల్ కలపనిదైతే మోటారు సైకిల్ ట్యాంకులో తాజా పెట్రోలుతో కలిపి గానీ వెంటనే వాడేయాలి.

ఈ పనికి అరగంట చాలు. విడిభాగాలు అవసరం లేదు.

పాత పెట్రోలును గుర్తించడం, తొలగించడం

నిల్వ పెట్రోలును వాడేముందు కొద్దిగా శుభ్రమైన, పొడి గాజు సీసాలోకి తీసి కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచాలి. రంగు ముదరడం, పుల్లని లేదా వార్నిష్ వంటి వాసన, అడుగున మడ్డి, మసకబారిన రూపం, రెండు పొరలు కనిపించడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వాడరాదు. చెడిన పెట్రోలును తాజా పెట్రోలుతో కలిపి పలుచన చేయడం వల్ల జిగురు కార్బ్యురేటర్‌కు చేరడం ఆగదు.

తీసివేసిన పెట్రోలును గట్లపై, కాలువల్లో, బావుల సమీపంలో పారబోయడం తీవ్రమైన తప్పిదం. అందులోని బెంజీన్ వంటి పదార్థాలు నేలలో ఇంకి భూగర్భ జలాన్ని కలుషితం చేస్తాయి. కలుపు చంపడానికి, పొయ్యి రాజేయడానికి, చెత్త కాల్చడానికి దాన్ని వాడరాదు. లోహపు డబ్బాలో విడిగా ఉంచి, వ్యర్థ చమురును అనుమతితో సేకరించేవారికి అప్పగించాలి. తక్కువ కొనడం, సకాలంలో వాడేయడం ఈ సమస్యకు అసలైన పరిష్కారం.

విస్తరణ కార్యక్రమాల్లో స్థానం

యంత్రాల ప్రదర్శనలు సాధారణంగా ఖరీఫ్ ముందు జరుగుతాయి. ఇంధన నిల్వపై శిక్షణకు తగిన సమయం రబీ కోతల చివర, యంత్రాలు మూలకు చేరే వారం. యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాల్లో పెట్రోలు కొన్న తేదీ, ఆయిల్ కలిపిన తేదీ, ట్యాంకు ఖాళీ చేసిన తేదీ నమోదుచేసే పట్టిక ఉంటే బాధ్యత స్పష్టమవుతుంది.

విద్యార్థులకు, రైతులకు ఇథనాల్ స్వభావాన్ని చూపడానికి ఒక సులభ పరీక్ష ఉంది. ఆరుబయట, నిప్పుకు దూరంగా, 100 మి.లీ. కొలత గాజు గొట్టంలో 50 మి.లీ. నీరు, 50 మి.లీ. పెట్రోలు పోసి, మూత బిగించి కదిపి, నిలువనివ్వాలి. 20 శాతం మిశ్రమమైతే అడుగు పొర 50 మి.లీ. నుంచి 60 మి.లీ. చేరువకు పెరుగుతుంది. పెట్రోలును వదిలి నీటితో చేరిన ఇథనాలే ఆ పెరుగుదల. తడి డబ్బాలో, వానకు తడిసిన ట్యాంకులో జరిగేది ఇదేనని కళ్ళతో చూసినప్పుడు, డబ్బా ఎందుకు పొడిగా ఉండాలో వివరించవలసిన అవసరం పెద్దగా ఉండదు.

రైతుకు అందించవలసిన సందేశం క్లుప్తం. పని ఉన్నన్ని రోజులకే పెట్రోలు కొనాలి. లోహపు డబ్బాలో, నీడలో, తేదీ రాసి, 30 లీటర్లకు మించకుండా ఉంచాలి. నెల దాటిన పెట్రోలును యంత్రంలో నిలువ ఉంచరాదు. ఈ మూడు పాటించిన రైతు తొలకరి తెరపిలో మెకానిక్ కోసం ఎదురుచూడకుండా ఆ రెండు మూడు రోజులనూ కలుపు తీయడానికి వినియోగించుకోగలుగుతాడు.